రేవు లేని తీరానికి యుద్ధం ఎలా వచ్చింది

కళింగపట్నంలో దీపస్తంభం ఉంది. దాని వెలుగు చూసి వచ్చి ఆగడానికి ఓడకు రేవు మాత్రం లేదు. వంశధార సముద్రంలో కలిసే ఈ చోటు ఒకప్పుడు పేరున్న వర్తక కేంద్రం. ఏటి గట్టున శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు ఆ కాలపు రాకపోకలకు సాక్ష్యం. ఆంగ్లేయుల కాలంలోనూ ఇక్కడి నుంచి సరుకు ఎగుమతి అయ్యేది. ఆ తర్వాత రైలు వచ్చి ఆ సరుకును లాక్కుపోయింది. ఇప్పుడు ఇసుక మీదికి లాగిన చేపల పడవలే కనిపిస్తాయి.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. రాష్ట్రంలో మరే జిల్లాకూ అంత లేదు. పక్కనున్న విజయనగరానికి ఉన్నది 30 కిలోమీటర్ల లోపే. ఈ రెండు జిల్లాల పొడవునా పెద్ద ఓడ గాలివానకు తలదాచుకునే చోటు ఒక్కటీ ప్రకృతి ఇవ్వలేదు. ఈ లోటు వర్తకానికి ఎంత చేటు చేసిందో చాలామంది రాశారు. అదే లోటు యుద్ధకాలంలో ఏమి చేసిందన్నది మాత్రం ఎక్కడా సరిగా కనిపించదు.

ఉత్తరాంధ్ర ఇళ్లలో పెద్దల మాటల్లో మూడు యుద్ధాలు కలగలిసిపోయి ఉంటాయి. జర్మనీ ఓడ మద్రాసును కాల్చిందంటారు. జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయంటారు. పాకిస్తాన్ జలాంతర్గామి మన రేవు ముందు మునిగిందంటారు. మూడూ నిజమే. మొదటిది 1914, రెండోది 1942, మూడోది 1971. ఈ కథల్లో ఎప్పుడూ జారిపోయేది ఒకటుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద పడ్డ బాంబులు ఒక పెద్ద దాడికి అంచు మాత్రమే. అసలు దాడి ఊళ్ల మీద జరగలేదు, ఒడ్డుకు ఎదురుగా ఉన్న నీళ్ల మీద జరిగింది. అది అర్థం కావాలంటే ముందు ఈ నీళ్లను, ఈ ఇసుకను చూడాలి.

బంగాళాఖాతం పటంలో చేటలా ఉంటుంది. మూడు వైపులా నేల, దక్షిణం బార్లా తెరిచి ఉంటుంది. అఖాతం అన్న పేరు చూసి అది కాపుదల ఉన్న నీరు అనుకుంటే పొరపాటు. దక్షిణాన మహాసముద్రంలో పుట్టిన అల, మధ్యలో అడ్డేమీ లేకుండా మన ఒడ్డుదాకా వస్తుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో ఆ అలలు తీరాన్ని ఏటవాలుగా తాకుతాయి. తాకిన ప్రతిసారీ కాస్త ఇసుకను ఉత్తరానికి జరుపుతాయి. ఈశాన్య రుతుపవనాలప్పుడు కొంత ఇసుక దక్షిణానికి వెనక్కి వస్తుంది గానీ, ఏడాది మొత్తం లెక్కలో ఉత్తరానికి పోయేదే ఎక్కువ. తీరం పొడవునా ఎప్పుడూ ఒక ఇసుక నది పారుతోందన్నమాట.

ఈ ఇసుకే ఏటి మొగలను మూసేస్తుంది. నాగావళి, వంశధార, మహేంద్రతనయ కొండల నుంచి దిగి కొద్ది దూరంలోనే సముద్రాన్ని చేరే నదులు. వరదల్లో ఉరకలు వేస్తాయి, వేసవిలో పాయలుగా మిగులుతాయి. నీటి తోపు తగ్గగానే మొగకు అడ్డంగా ఇసుక మేట వేస్తుంది. ఒక ఏడు పడవ దాటిన చోట మరుసటి ఏడు మోకాలి లోతు ఉండదు. మొగ కూడా ఒక్క చోట నిలవదు. ఇంత అస్థిరమైన ద్వారం వెనక రేవు కట్టడం పాతకాలంలో ఎవరి తరమూ కాలేదు. కాస్త లోపలికి చొచ్చుకువచ్చిన నీరు అంటూ ఉంటే అది భావనపాడు దగ్గరి క్రీకు (సముద్రపు పాయ), దాని వెనక నౌపడ ఉప్పునేలలు. ఉప్పు పండించడానికి పనికొచ్చిన ఆ లోతులేని నీరు ఓడలకు పనికిరాలేదు.

అందుకే బారువ, కళింగపట్నం, భీమిలి వంటి పాత రేవులన్నీ నిజానికి ఆరుబయలు లంగరు చోట్లు. ఓడ ఒడ్డుకు దూరంగా లోతు నీటిలో నిలబడేది. సరుకు మాసుల పడవల్లో వెళ్లేది. మేకులు కొట్టకుండా పలకలను నారతో కుట్టిన పడవలవి. కెరటం విరిగి పడే చోట కొట్టిన మేకు ఊడిపోతుంది, బిగిసిన పలక పగులుతుంది. కుట్టిన పలక మాత్రం వంగి మళ్లీ నిలుస్తుంది. మన తీరం ఎంత మొరటుదో చెప్పడానికి ఆ పడవ కట్టుబడి ఒక్కటి చాలు.

ఇసుక చాలదన్నట్టు కొన్నిచోట్ల రాళ్లూ ఉన్నాయి. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం చింతపల్లి దగ్గర గుట్ట మీద దీపస్తంభం ఉంది. భీమిలి వైపు వెళ్లే ఓడలు ఎదుట సముద్రంలో ఉన్న రాళ్ల బారిన పడకుండా 1847లోనే అక్కడ దీపం పెట్టారు. పాత నావికుల పటాల్లో ఇవే శాంతపల్లి రాళ్లు, ఆ పేరంటే ఓడ నడిపేవాడికి గుండె దడ. ఒడ్డున కొండలు మాత్రం నావికుడికి మేలు చేశాయి. 1501 మీటర్ల మహేంద్రగిరి, కిందికి వస్తే విశాఖ దగ్గర డాల్ఫిన్స్ నోస్, ఇవి చూసి తాము ఎక్కడున్నదీ తెలుసుకునేవారు. కొండ గుర్తులు కావాలంటే ఒడ్డుకు దగ్గరగానే నడపాలి. ఈ అలవాటు తర్వాత ప్రాణాల మీదికి వచ్చింది.

ఈ మొత్తం తీరంలో ఒక్క మినహాయింపు విశాఖపట్నం. డాల్ఫిన్స్ నోస్ కొండ దక్షిణపు అలలను ఆపుతుంది. దాని వెనక బురద నేలను తవ్వి 1933లో రేవు తెరిచారు. మధ్యపరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చడం అప్పటి పెద్ద అవసరం. అక్కడ కూడా ఇసుకతో పేచీ తప్పలేదు. కాలువ నోరు పూడిపోకుండా రెండు పాత ఓడలను కావాలని ముంచి, వాటినే అడ్డుగోడగా వాడారు. ఈ తీరంలో ఓడలు ఎక్కువ కాలం నమ్మకంగా చేసిన ఉద్యోగం మునిగి ఉండడమేనేమో అనిపిస్తుంది.

ఇక యుద్ధాలు. రేవు తవ్వకముందే విశాఖ ముందు ఒక పోరు జరిగింది. 1804 సెప్టెంబరులో ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా మరెంగో అనే పెద్ద యుద్ధనౌకతో, ఫ్రిగేట్లనే రెండు తేలికపాటి యుద్ధనౌకలతో వచ్చాడు. ఎదుట ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక ఒక్కటే, 50 ఫిరంగుల సెంచూరియన్. దానికి తోడు రెండు వర్తక ఓడలు. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు. లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరు నడిపించాడు. ఓడను ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీటిలో నిలిపారు. మరెంగో బరువైన ఓడ, దాని అడుగు అంత లోపలికి రాలేకపోయింది. సెంచూరియన్ దెబ్బలు తిన్నా నిలిచింది. వర్తక ఓడల్లో ప్రిన్సెస్ షార్లెట్‌ను ఫ్రెంచివారు పట్టుకుపోయారు, బార్నబీ ఒడ్డు కెరటాల్లో చిక్కి పగిలిపోయింది. తెరచాపల కాలంలో మన ఇసుక కొంతైనా కాపాడిందనడానికి ఇది గుర్తు. ఫిరంగి దూరం పెరిగాక ఆ రక్షణ పోయింది.

1914లో ఎమ్డెన్ అనే జర్మన్ క్రూజర్, అంటే వేగంగా పోయే యుద్ధనౌక, ఈ నీళ్లలోకి వచ్చింది. కెప్టెన్ ఫన్ ముల్లర్ సెప్టెంబరు రెండో వారంలో కలకత్తా దారిలో వచ్చిన సరుకు ఓడలను ఒకదాని తర్వాత ఒకటి పట్టుకున్నాడు. మనుషులను దించి, ఓడలను ముంచాడు. అదే నెల 22 రాత్రి మద్రాసు చమురు ట్యాంకులను పేల్చాడు. మన కథకు ఇందులో గమనించాల్సింది ఒక్కటే. అతను ఎదురుచూసింది రేవు ముందు కాదు, కలకత్తా దారి మీద. బంగాళాఖాతం పడమటి అంచు వెంట ఓడల రాదారి ఉంది, దానికి మధ్యలో ఆగే చోటు లేదు. వేటగాడికి ఇంతకంటే ఏమి కావాలి? ఆ సంగతి అతను చూపించి వెళ్లాక 28 ఏళ్లపాటు ఎవరూ దానికి విరుగుడు ఆలోచించలేదు.

1942 మార్చి 8న రంగూన్ జపాను చేతిలో పడింది. అదే నెల 23న అండమాన్లు. కలకత్తా రేవు ఓడలతో కిక్కిరిసి ఉంది. ఒక్క వైమానిక దాడి వస్తే అన్నీ పోతాయన్న భయంతో వాటిని బయటికి పంపేయడం మొదలుపెట్టారు. ఒడ్డు వెంబడి, చిన్న చిన్న జట్లుగా, కాపలా ఓడలు లేకుండా. ఒడ్డుకు దగ్గరగా ఉంటే శత్రువు కంట పడవనుకున్నారు. బ్రిటిష్ తూర్పు నౌకాదళం సింహళం (శ్రీలంక) కింద ఎక్కడో మాల్దీవుల అడ్డూ దీవుల వైపు ఉంది. దానికి ఎదురుగా జపాను అడ్మిరల్ నగుమో అయిదు పెద్ద విమాన వాహక నౌకలతో కొలంబో మీదికి వస్తున్నాడు. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద దాడి జరిగింది. అందరి చూపూ అటే.

ఇటు బంగాళాఖాతంలోకి వైస్ అడ్మిరల్ ఒజావా మరో దండుతో వచ్చాడు. ఏప్రిల్ 1న బర్మా దక్షిణపు కొనలోని మెర్గుయి నుంచి బయల్దేరాడు. ర్యూజో అనే చిన్న విమాన వాహక నౌక, చోకై, కుమానో, సుజుయా, మికుమా, మొగామి అనే అయిదు భారీ క్రూజర్లు, యురా అనే తేలిక క్రూజర్, డిస్ట్రాయర్లు. 6వ తేదీ తెల్లవారేలోగా వాటిని మూడు జట్లుగా విడదీశాడు. ఉత్తరపు జట్టు ఒడిశా తీరానికి ఎదురుగా నిలిచింది. దక్షిణపు జట్టు కోస్తా కిందివైపు పోయింది. ర్యూజో ఉన్న నడిమి జట్టు ఆ రెంటికీ మధ్య, అంటే మన వైపు.

వేట ఎంత సులువో లెక్క వేసి చూడండి. సరుకు ఓడ గంటకు 10 నాటికల్ మైళ్లు పోతుంది, అంటే సుమారు 18 కిలోమీటర్లు. క్రూజర్ వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. 20 కిలోమీటర్ల దూరంలో పొగ కనిపిస్తే చాలు, సరుకు ఓడ ఎంత పరుగెత్తినా అరగంటలో దొరికిపోతుంది. అంతకు ముందే క్రూజర్ ఫిరంగులు అందుకుంటాయి. క్రూజర్ల మీద నీటి విమానాలు కూడా ఉన్నాయి కాబట్టి పొగ కనిపించేదాకా ఆగనక్కర్లేదు. కాలం కూడా వేటగాడి పక్షమే. ఏప్రిల్ మొదట్లో ఈశాన్యపు గాలులు అయిపోయి ఉంటాయి, నైరుతి ఇంకా రాదు. సముద్రం చదునుగా, ఆకాశం తేటగా ఉంటుంది. దాక్కోవడానికి వాన తెర కూడా లేదు. తూర్పున శత్రువు, పడమట ఇసుక, వెనకా ముందూ తెరిచిన నీరు. ఒడ్డుకు దగ్గరగా నడవమన్న ఆదేశం వాటిని దాచలేదు సరికదా, గోడకు ఆనించి నిలబెట్టింది.

ఉత్తరపు జట్టు చేతికి మాల్డా, ఆటోలికస్, ఇండోరా, సిల్క్స్‌వర్త్, షింక్వాంగ్, అమెరికా ఓడ ఎక్స్‌మూర్ దొరికాయి. నడిమి జట్టు వాటాలో అమెరికా ఓడ బియాన్‌విల్, బ్రిటిష్ ఓడ గాంజెస్ ఉన్నాయి. బియాన్‌విల్‌ను మొదట ర్యూజో విమానాలు కొట్టాయి, తర్వాత చోకై టార్పెడోతో ముంచింది. దాని చివరి చోటు మన శ్రీకాకుళం జిల్లాకు ఎదుటి సముద్రమే. సెల్మా సిటీ అనే మరో అమెరికా ఓడ బాంబులకు తగలబడగా, నావికులు పడవల్లో విశాఖ చేరారు.

అన్నింటిలోకీ మనసును పట్టుకునేది దక్షిణపు జట్టు ఎదుట జరిగింది. దర్దానస్ అనే ఓడ విమానాల బాంబులకు కదలలేక ఆగిపోయింది. గండారా అనే మరో ఓడ దానికి తాడు కట్టి లాక్కుపోసాగింది. ఒంటరిగా పోతేనే అంతంతమాత్రమైన వేగం, ఇంకొకదాన్ని లాగుతూ ఎంత పోగలదు? మికుమా, మొగామిల జట్టు వచ్చి రెంటినీ ముంచేసింది. గండారా ఆ తాడు కట్టకుండా పోయి ఉంటే బతికేదా అంటే చెప్పలేం.

ఆ కొద్ది రోజుల్లో ఒజావా దండు ముంచిన ఓడలు ఇరవై దాకా. సామర్థ్యంలో దాదాపు లక్ష టన్నులు. అందులో ఎక్కువ భాగం 6వ తేదీ ఒక్క రోజే. బ్రిటిష్, అమెరికన్, నార్వే, డచ్చి జెండాలు వాటిపై ఉన్నాయి గానీ, మాల్డా, ఇండోరా వంటి బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడల్లో బొగ్గు ఎగదోసిన ఖలాసీలు ఎక్కువగా మన దేశంవాళ్లే. పుస్తకాల్లో ఓడల పేర్లు దొరికినంత తేలిగ్గా వాళ్ల పేర్లు దొరకవు.

అదే రోజు ర్యూజో విమానాలు కాకినాడ మీదా, విశాఖ మీదా బాంబులు వేశాయి. ఊళ్లో గుర్తున్నది ఇదే. పేలని బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. నష్టం పరంగా సముద్రంలో జరిగినదాని ముందు ఇది చిన్నదే అయినా భయం మాత్రం పెద్దది. పట్నం ఖాళీ అయింది. జనం మూటలు కట్టుకుని సొంత ఊళ్లకు, చుట్టాల ఇళ్లకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు, వాల్తేరు భవనాలు సైన్యం చేతికి వెళ్లాయి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకా నిర్మాణ కేంద్రం నుంచి మొదటి ఓడ జల ఉష నీళ్లలోకి దిగడానికి 1948 మార్చి దాకా పట్టింది.

ఇక్కడ ఒక చిక్కుముడి విప్పాలి. జపాను మన తీరంలో సేనలను దింపబోయి వెనక్కి తగ్గిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒజావా వెంట సైనికులను మోసే ఓడలు లేవు. దింపినా వాళ్లకు తిండి, మందుగుండు చేర్చడానికి రేవు కావాలి. ఆ ఒక్కటే ఇక్కడ లేనిది. నగుమో సింహళంలో బ్రిటిష్ నౌకాదళాన్ని వెతుకుతుంటే, ఒజావా కలకత్తా రాదారిని తెగ్గొట్టాలి. ఇదే పథకం. పని కాగానే సింగపూర్ వైపు వెళ్లిపోయాడు. మన తీరానికి రేవు లేకపోవడం ఓడలకు ఉరి అయింది, ఊళ్లకు మాత్రం ఒక రకంగా రక్ష అయింది.

తర్వాత కొన్ని వారాలు బంగాళాఖాతంలో వర్తక ఓడల తిరుగుడు ఆగినంత పనయింది. బెంగాల్ బొగ్గు ఓడల్లో మద్రాసు చేరేది. ఇప్పుడు ఆ బరువంతా రైలు మీద పడింది. పలాస, నౌపడ, చీపురుపల్లి మీదుగా పోయే కోస్తా లైను అప్పటి నుంచి యుద్ధపు నరమైంది. దాడి చేసిన ఓడల సంగతి కూడా చెప్పాలి. మికుమా రెండు నెలలకే మిడ్వే పోరులో మునిగింది. ర్యూజో అదే ఏడు ఆగస్టులో, యురా అక్టోబరులో సాలమన్ దీవుల దగ్గర పోయాయి. చోకై, సుజుయా, మొగామి 1944 అక్టోబరులో, కుమానో నవంబరులో ఫిలిప్పీన్స్ నీళ్లలో. ఆ రోజు ఇటు వచ్చిన ఏడు పెద్ద ఓడల్లో ఒక్కటీ యుద్ధం ముగిసేదాకా లేదు.

1971 నాటికి లెక్క తిరగబడింది. తీరమంతటికీ ఒకే ఆశ్రయం ఉందంటే శత్రువు వెతకాల్సిన చోటు కూడా ఒకటే. మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను వేటాడడానికి పాకిస్తాన్ తన జలాంతర్గాముల్లో ఇంత దూరం రాగల ఘాజీని నవంబరు 14న కరాచీ నుంచి పంపింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ల వైపు ఉంది. మన తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌తో విశాఖ నుంచి రేడియో సందేశాలు గుప్పించి, విక్రాంత్ ఇక్కడే ఉందన్న భ్రమ కల్పించాడు. డిసెంబరు 3 రాత్రి దాటాక రేవు ముఖద్వారం ఎదుట ఘాజీ పేలి మునిగింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోతున పేలే బాంబుల) వల్లనని మనవాళ్లు, లోపలి పేలుడు వల్లనో తన మందుపాతర వల్లనో అని పాకిస్తాన్ అంటాయి. ఈ వాదన ఇంకా తెగలేదు, ఇక్కడ తేల్చాల్సిన పనీ లేదు. పొద్దున నీటి మీద తేలిన సామాను చూసి మొదట కబురు తెచ్చినవాళ్లలో చేపల వేటగాళ్లు ఉన్నారు.

ఆ వేటగాళ్ల కులాలే శ్రీకాకుళం, విజయనగరం తీరమంతా ఉన్నాయి. సొంత తీరంలో పడవ నిలిపే చోటు లేక, ఏటా వేల మంది గుజరాత్‌లోని వేరావల్‌కు వలస పోతారు. 2018 నవంబరులో అలా పోయినవాళ్లలో కొందరిని పాకిస్తాన్ తన జలాల్లోకి వచ్చారంటూ పట్టుకుంది. వాళ్లు ఇల్లు చేరడానికి 2020 జనవరి దాకా పట్టింది. బంగాళాఖాతం ఒడ్డున పుట్టినవాడు అరేబియా సముద్రపు సరిహద్దు గొడవలో ఎందుకు చిక్కాడని అడిగితే, సమాధానం మళ్లీ ఈ ఇసుకలోనే ఉంది.

2023 ఏప్రిల్ 19న సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టుకు శంకుస్థాపన జరిగింది. భావనపాడు పేరుతో చాలాకాలం నలిగిన పథకమే ఇది. అడ్డుగోడలు కడితే ఓడలకు నీడ దొరుకుతుంది, అందులో అనుమానం లేదు. ఉత్తరానికి పారే ఇసుక ఆ గోడల దక్షిణాన ఆగి మేట వేస్తుంది, ఉత్తరపు ఒడ్డుకు చేరాల్సిన ఇసుక చేరదు. విశాఖలో ఇదే జరిగి, తవ్విన ఇసుకను పైపుల్లో బీచి వైపు తోడిపోయాల్సి వచ్చింది. మూలపేటకు ఉత్తరాన ఉన్న ప్రతి పల్లె ముందు ఒడ్డు ఎంత వెడల్పు ఉందో ఇప్పుడే కొలిచి రాసిపెట్టాలి. గోడ పూర్తయ్యాక కొలిస్తే పోల్చుకోవడానికి పాత కొలత ఉండదు, కోత పడ్డ ఇంటివాడి మాటకు ఆధారమూ ఉండదు.